చేతికి తగిన పిడి



తెల్లవారి లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు మన చేతులు ఎన్ని పనులు చేస్తాయో ఎప్పుడైనా లెక్కపెట్టి చూశారా? గొళ్లెం తీయాలి. చెంబు ఎత్తాలి. పొయ్యి ముట్టించాలి. పిండి పిసకాలి, రొట్టె తట్టాలి. పిల్లకు జడ వేయాలి, చొక్కాకు గుండీలు పెట్టాలి. చేతులు బాగున్న వారికి ఇవి పనులుగా కూడా కనబడవు. వేళ్లు ముడుచుకోని వారికి, పట్టు లేని వారికి మాత్రం ఒక్కొక్కటి ఒక్కొక్క గుట్ట ఎక్కినట్టే ఉంటుంది.

మన ఊళ్లలో అట్టివారు తక్కువేమీ కాదు. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన పెద్దాయన ఉంటాడు. కీళ్లవాతంతో వేళ్లు వాచిన అవ్వ ఉంటుంది. నూర్పిడి మిషనులో చేయి పోగొట్టుకున్న కూలి, పట్నం పనికి పోయి కరెంటు షాకు తగిలి తిరిగి వచ్చిన యువకుడు, కుష్ఠువ్యాధి నయమైనా వేళ్లు వంకరపోయిన సహోదరి ఉంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో ఇంటింటి ప్రార్థనలకు వెళ్లే ఏ కాపరినడిగినా ఇట్టివారిని చూపించగలడు.

వీరిని ఇంటివారు ప్రేమగా చూడరని కాదు. "అవ్వా, నువ్వు కూర్చో, నేను తినిపిస్తా" అని కోడలు అంటుంది. అందులో ప్రేమ ఉన్నది. కాని అవ్వ నాలుగు ముద్దలు తిని "చాలు బిడ్డా, కడుపు నిండింది" అంటుంది. కడుపు నిండక కాదు, కోడలి పని చెడుతుందని. పెండ్లి పంక్తిలో కూర్చోమంటే "ఇంటికాడ తినే వచ్చిన" అంటుంది. నలుగురిలో ఒకరిచేత తినిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఇట్లా ఒక మనిషి కొంచెం కొంచెంగా పంక్తికి దూరమవుతుంది, పండుగకు దూరమవుతుంది, చివరకు ఇంట్లో ఉంటూనే ఇంటికి దూరమవుతుంది. చాలాసార్లు దీనికి కారణం చిన్న స్టీలు చెంచా. దాని పిడి మరీ సన్నగా ఉండటం.

చేతిని మార్చలేనప్పుడు పిడిని మార్చవచ్చును. ఈ నెల మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

వనపర్తి రాణి గారు, డిచ్‌పల్లి దొరసాని గారు

ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక మంచి చరిత్ర ఉన్నది. వనపర్తి సంస్థానపు రాణి కుముదినీ దేవి గారిని పెద్దలు ఎరుగుదురు. 1962లో ఆమె హైదరాబాదు నగరానికి మేయరు అయ్యారు. వనపర్తి నుండి శాసనసభకు కూడా ఎన్నికయ్యారు. అంతకంటె ముందే, 1958లో, కుష్ఠువ్యాధిగ్రస్తుల నిమిత్తం హైదరాబాదు దగ్గర కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. ఆ రోజులలో ఆ రోగులను ఊరిబయట ఉంచేవారు. అట్టి కాలంలో ఒక రాణి వారి పక్షాన నిలవడం సామాన్యమైన సంగతి కాదు.

తెలంగాణలో దానికి ముందు జరిగిన పని నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కనిపిస్తుంది. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జి కెర్ గారు 1915 ప్రాంతంలో అక్కడ కుష్ఠు ఆసుపత్రిని వృద్ధిచేశారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. మిషనరీ వైద్యురాలి ప్రయాసము, ఇక్కడి దాత ధనము కలిసి ఆ ఆసుపత్రి లేచింది.

ఈ కేంద్రాలన్నిటికీ ఒకే ప్రశ్న ఎదురయింది. రోగం నయమైన తరువాత చేతుల సంగతి ఏమిటి? నేడు కుష్ఠువ్యాధికి మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా దొరుకుతాయి. ఆరు నెలలు, లేదా పన్నెండు నెలలు వాడితే రోగం పోతుంది. కాని ఆలస్యంగా మందులు మొదలుపెట్టిన వారిలో మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర ఉన్న నరాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. చిటికెనవేలు, ఉంగరపు వేలు లోపలికి వంగిపోతాయి. బొటనవేలు పక్కవేలికి ఎదురుగా రాదు. చేతిలో స్పర్శ ఉండదు. రోగి ఇంటికి తిరిగి వచ్చినా అతని కోసం అక్కడ ఎదురుచూసేవి పాత చెంచా, పాత కొడవలి, పాత తాళమే.

వేలూరులో ఒక వడ్రంగి వైద్యుడు

ఈ ప్రశ్నను లోతుగా పట్టించుకున్నవారు డాక్టరు పాల్ బ్రాండ్ గారు. మిషనరీ దంపతులకు 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టారు. ఇంగ్లాండులో వైద్యం చదవకముందు కొన్ని సంవత్సరాలు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. మన జిల్లాలవారు ఎందరో వైద్యం కోసం ప్రయాణమై వెళ్లే వేలూరు అదే. అక్కడ ఆయన చేతిలోని ఒక బాగున్న కండర తంతువును మరొక చోటికి మార్చి కుట్టి, వంగిపోయిన వేళ్లు మళ్లీ తెరుచుకొనేలా శస్త్రచికిత్స చేశారు.

ఆయన చెప్పిన ఒక అనుభవం మనకు ఎంతో ఉపయోగపడుతుంది. ఒకనాడు తుప్పు పట్టిన తాళం ఒకటి ఆయనకు తెరుచుకోలేదు. ఎంత బలంగా తిప్పినా చెవి కదలలేదు. అక్కడే ఉన్న చిన్న కుర్రవాడు, కుష్ఠు రోగి, వచ్చి ఒక్క తిప్పుతో తాళం తీశాడు. ఇంత బలహీనుడైన పిల్లవానికి అంత బలం ఎక్కడిది అని డాక్టరు గారు ఆశ్చర్యపడేలోగా నేలమీద రక్తపు చుక్కలు కనబడ్డాయి. చెవి అంచు పిల్లవాని వేలిని ఎముక దాకా కోసింది. వానికి ఆ సంగతే తెలియదు.

బలం కాదు అది, నొప్పి లేకపోవడం. నొప్పి తెలిసిన చేయి "ఇక చాలు" అని ఆపుతుంది. స్పర్శలేని చేయి ఆపదు. కుష్ఠువ్యాధి వేళ్లను తినివేస్తుందని లోకం నమ్మింది. వేళ్లు పోవడానికి ఎక్కువగా కారణం కాలడం, కోసుకుపోవడం, పుండ్లు మానకపోవడం అని బ్రాండ్ గారు, ఆయన తోటివారు కనుగొన్నారు. 1951లో వేలూరులో నవజీవ నిలయం అనే చిన్న పల్లెవంటి కేంద్రాన్ని ఏర్పాటుచేసి, శస్త్రచికిత్స అయిన యువకులకు వడ్రంగం వంటి చేతిపనులు నేర్పారు. అక్కడ ఎవరి చేతికి బొబ్బ వచ్చినా, గాయమైనా అది ఏ పనిముట్టు వలన వచ్చిందో వెదికేవారు. అంటే మనిషిని తప్పుపట్టక పిడిని పరీక్షించారు.

చేయి ఏది? పిడి ఏది?

అన్ని చేతులకు ఒకే పిడి సరిపోదు గనుక మొదట చేతిని తెలుసుకోవాలి. పక్షవాతం వచ్చిన వారికి తరచుగా ఒక చేయి పనిచేయదు. వారికి కావలసింది వస్తువును కదలకుండా పట్టుకునే "రెండవ చేయి". కీళ్లవాతం ఉన్నవారికి పట్టు ఉంటుంది గాని నొప్పి ఉంటుంది. వారికి కావలసింది తక్కువ బలంతో జరిగే పని. వేళ్లు ముడుచుకోని వారికి లావైన పిడి గాని, అరచేతికి కట్టుకునే పట్టీ గాని కావాలి. స్పర్శలేని వారికి అన్నిటికంటె ముందు కావలసింది భద్రత. పదును అంచులు లేని, వేడి ఎక్కని పిడి కావాలి.

లావు పిడి ఎందుకు మేలు? సన్నని పిడిని పట్టాలంటే వేళ్లు పూర్తిగా ముడవాలి, గట్టిగా బిగించాలి. ఆ ఒత్తిడి అంతా చర్మంలో చిన్న చోట పడుతుంది. పిడి మొక్కజొన్న బెండంత లావుంటే, అంటే అంగుళం నుండి అంగుళంన్నర దాకా ఉంటే, సగం ముడిచిన చేయి కూడా దానిని పట్టగలదు. ఒత్తిడి అరచేయంతా పరచుకుంటుంది. అట్లే పిడి ఎంత పొడుగైతే తిప్పడానికి అంత తక్కువ బలం చాలు. గడ్డపారతో బండను లేపేవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. గద్వాల నేతగాడు గుంటలో కాళ్లుంచి, తొక్కుడు చెక్కలను కాళ్లతో నొక్కుతూ చేతులకు పని తగ్గించుకుంటాడు. మన కత్తిపీటను చూడండి. కత్తిని చేయి పట్టుకోదు, పీటను కాలు తొక్కి పడుతుంది. చేతి పనిని శరీరంలో మరొక అవయవానికి పంచడం మన పెద్దలు ఎప్పుడో నేర్చుకున్నారు. అయితే స్పర్శలేని వేళ్లకు, వణికే చేతులకు కత్తిపీట అపాయం. దానిని వాడనీయకండి.

ఇంట్లో చేసుకోదగినవి

చెంచా: పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి చెంచా పిడికి మొక్కజొన్న బెండంత లావు వచ్చేవరకు చుట్టండి. మణికట్టు తిరగని వారికి చెంచా మెడను నోటివైపు కొంచెం వంచండి. అసలు పట్టే లేనివారికి అరచేతి చుట్టూ వచ్చే మెత్తని తోలు పట్టీ కుట్టించి, లోపలివైపు చెంచా దూరే చిన్న సంచి పెట్టించండి. చెప్పులు కుట్టే సహోదరుడు దానిని సులభంగా చేయగలడు. అదే పట్టీలో పళ్ల బ్రష్షు, దువ్వెన, కలం కూడా దూర్చవచ్చు.

పళ్లెం: అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం వాడండి. అన్నం అంచుకు ఆని చెంచాలోకి వస్తుంది. పళ్లెం కింద తడి గుడ్డ పరిస్తే జారదు.

గ్లాసు: వేడి చాయ పోసిన స్టీలు గ్లాసు స్పర్శలేని చేతిని కాల్చివేస్తుంది, ఆ మనిషికి తెలియదు. గ్లాసుకు చెక్క తొడుగు గాని, మందపు గుడ్డ తొడుగు గాని వేయండి. నాలుగు వేళ్లూ దూరే పిడి ఉన్న కప్పు ఇంకా మంచిది.

కూరగాయల పలక: ఒంటిచేతితో ఉల్లిగడ్డ కోయాలంటే అది దొర్లిపోతుంది. మందపాటి చెక్క పలకకు తుప్పు పట్టని మేకులు రెండు కింది నుండి పైకి కొట్టించండి. ఉల్లిగడ్డను వాటికి గుచ్చితే కదలదు. పలక మూలకు రెండు చెక్క బద్దలు కొడితే రొట్టె, పండు దానికి ఆనించి కోయవచ్చు. పని అయ్యాక మేకుల మొనలకు ఒక బెండు ముక్క గుచ్చి ఉంచండి. ఇంట్లో పిల్లలు ఉంటారు గదా.

జొన్నరొట్టె: మన పాలమూరు ఇండ్లలో రొట్టె తట్టలేకపోయిన తల్లి తాను వంటింటికి పనికిరానని దిగులుపడుతుంది. వేడి నీళ్లతో కలిపిన పిండిముద్దను రెండు తడి గుడ్డల నడుమ పెట్టి, అడుగు చదునుగా ఉన్న బరువైన గిన్నెతో నొక్కితే రొట్టె సాగుతుంది. చేత్తో తట్టినంత పలుచగా రాదు. అయినా అది ఆమె చేసిన రొట్టె.

నీళ్లు: బిందె వంచలేని వారికి అడుగున నల్లా ఉన్న పాత్ర పెట్టండి. గుండ్రని నల్లాకు బదులు పొడుగు పిడి నల్లా పెడితే మోచేతితో కూడా తిప్పవచ్చు. బకెటు తీగ పిడికి ప్లాస్టికు పైపు ముక్క తొడిగితే వేళ్లు కోసుకుపోవు.

పొయ్యి: వేడి గిన్నెలు దింపడానికి పొడుగు చెక్క పిడులున్న పట్టకారు చేయించండి. రబ్బరు కరుగుతుంది గనుక మంట దగ్గర చెక్కనే వాడండి. స్పర్శలేని వారు గిన్నె వేడిని వేళ్లతో చూడకూడదు, మోచేతి పైభాగంతో దూరం నుండి చూడాలి. అక్కడ స్పర్శ ఉన్నదో లేదో ముందుగా తెలుసుకోవాలి.

తలుపు, తాళం: తాళంచెవి రంధ్రంలో అడ్డంగా ఒక చెక్కపుల్ల బిగిస్తే తిప్పడానికి పొడుగు పిడి వస్తుంది. గొళ్లేనికి తాడు ఉచ్చు కట్టితే మణికట్టుతో లాగవచ్చు.

బట్టలు, స్నానం: గుండీల స్థానంలో అంటుకునే పట్టీలు కుట్టించి, గుండీలు పైకి అలంకారంగా ఉంచవచ్చు. సబ్బును వలసంచిలో వేసి మేకుకు తగిలిస్తే చేయి జారి పడిపోదు.

చదువు: పుస్తకం పట్టలేని వారికి వ్యాసపీఠం వంటి చెక్క పీట చేయించండి. కొనకు రబ్బరు ఉన్న పెన్సిలును అరచేతి పట్టీలో దూర్చితే పుటలు తిప్పవచ్చు. బైబిలు తామే తెరచి చదువుకోవాలని కోరే పెద్దలు అనేకులు ఉన్నారు.

చేయకముందు అడగండి

పనిముట్టు చేసేవారు తరచుగా ఒక మెట్టు దాటివేస్తారు. ఎవరికి చేస్తున్నామో వారిని అడగరు. ఒక దినమంతా ఆ మనిషితో ఉండి చూడండి. "ఏ పని నీ చేతులతో నువ్వే చేసుకోవాలని ఉంది?" అని అడగండి. మనం చెంచా అనుకుంటాము, వారు మనవరాలికి జడ వేయాలి అంటారు. మొదట గుడ్డ, రబ్బరు, సుతిలితో నమూనా చేసి ఒక వారం వాడనివ్వండి. ప్రతి సాయంత్రం అరచేతిని, వేళ్లను చూడండి. ఎర్రబడిన చోటు కొంతసేపటికి మామూలు కాకపోతే పిడి అక్కడ ఒత్తుతున్నదని అర్థం. మార్చండి. నమూనా కుదిరిన తరువాతనే వడ్రంగి దగ్గరకో, వెల్డింగు షాపుకో వెళ్లండి. వనపర్తి రాజప్రాసాదంలో నెలకొల్పిన కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ వంటి చోట్ల చదివే మన పిల్లలకు ఇట్టి పనిముట్టు ఒకటి తయారుచేసి చూపమంటే చదువు ఒక మనిషికి అక్కరకు వస్తుంది.

ఇట్టివి వాడటానికి సిగ్గుపడే వారికి ఒక సంగతి చెప్పండి. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే వ్యాపారి భార్య బెట్సీ చేతులకు కీళ్లవాతం ఉండేది. తొక్కతీసే చిన్న కత్తి పట్టడానికే ఆమెకు బాధగా ఉండేది. అది చూసి ఆయన లావైన మెత్తని రబ్బరు పిడులతో వంటింటి సామాను తయారుచేయించి 1990లో ఆక్సో అనే పేరుతో అమ్మకానికి పెట్టాడు. అవి కీళ్లనొప్పులున్న వారికే కాదు, అందరికీ నచ్చాయి. బలహీనమైన చేతికి అనుకూలమైన పిడి బలమైన చేతికి కూడా హాయి అని లోకమంతా తెలుసుకున్నది.

ప్రభుత్వం నుండి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు నయమైనవారు కూడా అందులో ఉన్నారు. వైద్యులు పరీక్షించి ధ్రువపత్రం ఇస్తారు. నలభై శాతం, లేదా అంతకు పైగా వైకల్యం ఉన్నవారికి పథకాలు వర్తిస్తాయి. కాన్పూరులో 1972లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో సహాయక పరికరాలు తయారుచేస్తున్నది. కుష్ఠు వలన చేతులు దెబ్బతిన్న వారి కోసం చెంచా, దువ్వెన వంటి రోజువారీ వస్తువులను తగిన పిడులతో కలిపి ఇచ్చే కిట్టు కూడా వారి దగ్గర ఉన్నది. జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో విచారించండి. చదువు రాని వారికి దరఖాస్తు నింపిపెట్టడం మన యువజనులు చేయదగిన సేవ. చర్మంపై స్పర్శలేని మచ్చ గాని, వేళ్లలో కొత్తగా తిమ్మిరి గాని, బలహీనత గాని కనబడితే ఆలస్యం చేయక ఆరోగ్య కేంద్రానికి తీసుకొనిపోండి. నరం పూర్తిగా చావకముందు మందులతో చేతిని కాపాడవచ్చు.

రాయి తెచ్చిపెట్టిన వారు

నిర్గమకాండములో మోషే చేతులు బరువెక్కిన సందర్భం మనకందరికీ తెలుసు. అహరోను, హూరు ఆయన చేతులను ఆదుకొన్నారని మనం ప్రసంగాలలో చెప్పుకుంటాము. దానికి ముందు వారు చేసిన పని ఒకటున్నది. కూర్చోవడానికి ఒక రాయి తెచ్చి ఆయనకు వేశారు. ఆ రాయి చిన్న సంగతిలాగే కనబడుతుంది. కాని మోషే పనిని వారు తీసుకోలేదు, ఆయనే ఆ పని చేయగలిగేటట్టు ఏర్పాటుచేశారు.

మన సంఘాలలో ఈసారి ప్రేమవిందు పెట్టినప్పుడు వడ్డించేవారు పంక్తి మొదట్లో కొన్ని లావు పిడి చెంచాలు, అంచు పళ్లెములు సిద్ధంగా ఉంచండి. ఎవరికని అడగవద్దు, ఎవరినీ వేరుగా కూర్చోబెట్టవద్దు. కావలసినవారు తీసుకుంటారు. "ఇంటికాడ తినే వచ్చిన" అనే అవ్వ ఈసారి మీ పక్కన కూర్చొని, తన చేత్తో తాను తిని, ఇంకొంచెం అడిగితే, ఒక సైకిలు ట్యూబు ముక్క ఎంత పని చేసిందో మీకే తెలుస్తుంది.